60కి 60

తూర్పు లండన్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఈస్ట్‌హామ్ న్యూహామ్ కౌన్సిల్ కిందికొస్తుంది. 2010లోనూ 2014లోనూ ఆ కౌన్సిల్లో 60కి 60 సీట్లూ లేబర్ పార్టీకే వచ్చాయి. వేరే పార్టీలకు ఓటేసిన వేలమంది తరఫున అడిగే మనిషి సభలో ఒక్కరూ లేకపోయారు. బడ్జెట్ పెట్టేదీ లేబర్ వాళ్లే, దాన్ని నిలదీయాల్సిందీ వాళ్లే. గెలిచింది నేను ఓటేసిన పార్టీయే అయినా నాకిది నచ్చదు.

కామన్వెల్త్ పౌరులం కాబట్టి భారత పాస్‌పోర్టుతోనే మనకిక్కడ ఓటుంది. అందుకే ఓట్లకు తగ్గట్టు సీట్లిచ్చే దామాషా పద్ధతి మీద పక్కింటి మాస్టారితో నాకు తెగని వాదన.

"వార్డు సభ్యులు ముగ్గురూ మూడు పార్టీల వాళ్లయితే, చెత్తబండి రాని రోజున ఎవరి గడప తొక్కాలండీ?" అంటారాయన.

ముగ్గురిలో ఎవరి గడపైనా తొక్కొచ్చు, అదే కదా మేలు! లండన్‌లో చాలా వార్డులకు ఇప్పటికే ఇద్దరు ముగ్గురు సభ్యులున్నారు. మూడు సీట్లుంటే మూడు ఓట్లు వేస్తాం, ఎక్కువమంది ఎటు మొగ్గితే మూడూ అటే పోతాయి. వార్డు హద్దులు కదపక్కర్లేదు, ఓటు వేసే తీరూ లెక్కించే తీరూ మారితే చాలు.

స్కాట్లాండ్ 2007లోనే మార్చుకుంది. గ్లాస్గోలో మా వదిన బ్యాలెట్ మీద 1, 2, 3 అని అంకెలు వేస్తుంది, మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటులాగే. నాలుగు సీట్ల వార్డయితే, చెల్లిన ఓట్లలో ఐదో వంతు దాటినవాళ్లు గెలుస్తారు. గెలిచినవాళ్ల మిగులు ఓట్ల విలువ తర్వాతి ప్రాధాన్యాలకు వెళ్తుంది. 2003లో గ్లాస్గోలో సగంకన్నా తక్కువ ఓట్లతో లేబర్‌కు 79లో 71 సీట్లొచ్చాయి, 2007లో 45. మెజారిటీ నిలిచింది, ప్రతిపక్షమూ పుట్టింది. 2003లో స్కాట్లాండ్ మొత్తంలో 61 సీట్లు ఏకగ్రీవమైతే, 2007లో ఒక్కటీ కాలేదు.

ఈ పద్ధతిలో లోటు లేదనను. బ్యాలెట్ మీద పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. ఒకే పార్టీవాళ్లు ఇద్దరు నిలబడితే పైనున్న పేరుకే 1 ఎక్కువగా పడుతుంది. ఇంగ్లిషు వరసలో అడుసుమిల్లివారికున్న వీలు యలమంచిలివారికి ఉండదు. బ్యాలెట్‌కో వరస మారిస్తే పోయే చిక్కది.

వేల్స్‌లో 2021 చట్టం ప్రకారం, మూడింట రెండు వంతుల సభ్యులు ఒప్పుకుంటే ఏ కౌన్సిలైనా ఈ పద్ధతికి మారొచ్చు. ఇంగ్లండ్ కౌన్సిళ్లకు ఆ అవకాశమూ లేదు. కనీసం అదైనా ఇప్పించమని మా ఎంపీకి ఉత్తరం రాశాను. వీధిలో సంతకాలు పడుతున్నాయి. మాస్టారు మాత్రం ఇంకా పెట్టలేదు.