కాలదోషం

నవంబరులో తుపాను వార్త వినబడితే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఒక అర్జీ. నేను రాయవలసి ఉండీ వేళకు రాయని అర్జీ.

మా పెదనాన్నగారు 1971 యుద్ధంలో సిపాయి. మోకాలు చెడి సైన్యం నుంచి ఇంటికి వచ్చేశారు. వికలాంగ పింఛను కోసం ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపాక, 1996 మే నెల నడుమ ఒక జవాబు వచ్చింది. ఆ వైకల్యానికి సైనికవిధులు కారణం కావట. ఆరు నెలలలోగా అప్పీలు చేసుకోవచ్చునట. రాజోలు దగ్గర మా ఊళ్లో ఇంగ్లీషు అర్జీ రాయగలవాణ్ణి నేనేనని ఆయన నమ్మకం. "తొందరేముందండీ, దీపావళి సెలవులకు వచ్చి రాసిపెడతాను" అన్నాను.

ఆ ఏడు దీపావళి నవంబరు 10న. తుపాను 6వ తేదీ రాత్రే వచ్చింది. కాకినాడకు దక్షిణాన తీరం దాటి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. నేను ఊరు చేరేసరికి తోటల్లో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దింపు మీద బతికే ఇళ్లకు ఇక కొన్నేళ్లు దింపు లేదు. పెదనాన్నగారి పెంకుటిల్లు కూలింది. డిశ్చార్జి పుస్తకమూ ఆసుపత్రి చీటీలూ ఉన్న ట్రంకుపెట్టె బురదలో దొరికింది. ఆయన ఒక్కొక్క కాగితాన్నీ విడదీసి అరుగు మీద ఆరబెట్టారు. కాగితాలు ఆరాయి కానీ అక్షరాలు మిగలలేదు.

ఫిబ్రవరిలో పంపిన అప్పీలు తిరిగి వచ్చింది. గడువు దాటినది, ఆలస్యానికి రుజువులు జతపరచవలెను అని రాశారు.

"తుపానుకు రుజువేంటిరా? ఊరంతా రుజువే కదా!" అన్నారు పెదనాన్నగారు. మళ్లీ రాయమని అడగలేదు. నేనూ కదపలేదు.

చట్టం మరీ కఠినమైనదేమీ కాదని తరువాత తెలిసింది. కోర్టు అప్పీళ్లకు 1963 నాటి కాలపరిమితి చట్టంలో 5వ సెక్షను ఉంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. ప్రతి రోజుకూ సంజాయిషీ చెప్పాలనే పట్టుదల తగదని 1987లో కాటిజీ కేసులో సుప్రీంకోర్టు అన్నది. (ఆ కేసులో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినది జమ్మూకాశ్మీర్ ప్రభుత్వమే లెండి.) అయినా అడుక్కోవలసినదీ రుజువు చూపవలసినదీ మునిగినవాడే. కోవిడ్ వేళ అలా జరగలేదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు రోజులను సుప్రీంకోర్టే అందరి గడువుల నుంచీ తీసివేసింది. ఎవరూ రుజువు తేనక్కరలేకపోయింది. తుపాను బాధిత మండలాల జాబితాను ప్రభుత్వమే ప్రకటిస్తుంది కదా, ఆ మండలాల మాజీ సైనికుల అప్పీళ్లకు ఆ జాబితానే రుజువుగా ఎందుకు చాలదు?

2008లో తర్సేమ్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. 1983లో సైన్యం నుంచి పంపివేయబడి, 1999లో కోర్టుకెక్కిన సిపాయి ఆయన. పింఛను నెలనెలా జరిగే అన్యాయం గనుక ఆలస్యమైనా వినవలసిందేననీ, బకాయి మాత్రం దావాకు ముందు మూడేళ్లకే పరిమితమనీ కోర్టు తేల్చింది. అప్పటికి పెదనాన్నగారు పోయి మూడేళ్లయింది.

ఆ అప్పీలు నకలు ఇంకా నా దగ్గర ఉంది. ఆలస్యానికి కారణం అన్నచోట నా దస్తూరీతో 'తుపాను' అని ఉంది. మే నుంచి నవంబరు 6 దాకా ఏం చేశానో అందులో రాయలేదు. పెదనాన్నగారు చదవకుండానే సంతకం పెట్టారు.