అనంతగిరి ఘాటులో మాడువాసన

విశాఖపట్టణమునుండి అరకులోయకు రమారమి 115 కిలోమీటర్ల త్రోవ. శృంగవరపుకోట వరకు వరిచేలును, మామిడితోపులును, తాటివనములును ఇరుప్రక్కల సాగివచ్చును. కాశీపట్టణము దాటిన పిమ్మట తూర్పు కనుమలు ఎదురై, మార్గము మెలికలు తిరుగుచు పైకెక్కును. బైలడిల్లా ఇనుపఖనిజమును రేవునకు దింపు గూడ్సుబండ్లు ఒక సొరంగమునుండి వెలువడి మరియొకదానిలో ప్రవేశించుట దూరమున కానవచ్చుచుండును. శరదృతువున ఒక ప్రాతఃకాలమందు, మిత్రుని పాత అంబాసిడరులో, వయోవృద్ధుడైన ఆయన డ్రైవరు సారథ్యమున నేనీ మార్గమున బయలుదేరితిని.

టైడా దాటి నిటారైన మలుపులు ఎక్కుచుండగా, అంతవరకు మైదానమున జాడయైనలేని మాడువాసన కారులోనికి సోకినది. మరుమలుపున అది గొంతు పట్టుకొనునంత దట్టమై, బానెట్టు అంచునుండి లేతనీలి పొగ సన్నగా వెడలినది. డ్రైవరు సమతలమైన చోటు చూచి బండి నిలిపి, చక్రముక్రింద రాయి వేసి, "దిగండి బాబూ! ముందు ఇంజను సల్లారనీండి, తరవాత సూద్దాం" అనెను. రేడియేటరు మూత జోలికి పోలేదు, నీళ్లు చల్లలేదు, పొగ అణగువరకు నిలిచి వాసననే పరిశీలించెను.

మాడువాసనలన్నియు ఒక తీరువి కావు. ఫ్యాను బెల్టు జారి రాచుకొన్నచో రబ్బరు కమరును. ఎగువదారిని అరక్లచ్చిపై బండిని నిలిపి నడిపినచో క్లచ్చి ప్లేటు కాగితము కాలినట్లు కమురుకంపు కొట్టును. దిగుడునందు బ్రేకులనే నమ్ముకొన్నవారికి చక్రములవద్ద ఘాటైన వాసన తగులును. తీగలపై ప్లాస్టిక్కు కరగు వాసన వీనియన్నిటిలో భయంకరమైనది. అది సోకిన తక్షణమే ఇంజను ఆపి బ్యాటరీ తీగ ఊడదీయవలెను. "ఇది కలచ్చి కాదు బాబూ, ఆయిలు మాడతన్నాది. కిందన రాలేదు, ఎక్కినప్పుడే వచ్చింది సూడండి" అని ఆయన రెండుమాటలలో నిర్ణయించెను.

ఆ రెండవమాటలోనే రహస్యమంతయు కలదు. మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశమునకు చెందిన ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు శిరోభాగమున రాకర్ కవరును, దానికి దిగువగా ఒక ప్రక్కన, కాలిన వాయువులను సైలెన్సరునకు పంపు మానిఫోల్డును అమరియుండును. బండి ముక్కెత్తి కొండ నెక్కునపుడు కవరులోని ఆయిలు వెనుకకు చేరును. కవరు వెనుకమూల చూడగా కార్కు పేకింగు నలిగి చీలియున్నది. అచ్చటనుండి నల్లని తడిచార నిగనిగలాడుచు జారి, మానిఫోల్డుపై గోధుమవన్నె మాడుపొక్కుగా గట్టిపడియున్నది. పర్వతమున పొగను జూచి నిప్పును ఊహించుట మన తార్కికుల ప్రసిద్ధోదాహరణము. కొండదారిని నిలిచి, వాసన పుట్టిన వేళనుబట్టి దాని మూలమును ఊహించిన ఆ వృద్ధుని వివేకమును ఆ కోవకు చెందినదే.

మరమ్మతు స్వల్పము. కవరును పట్టియుంచు నట్లు రెండే. వానిని విప్పి, కవరెత్తి, అంటుకొన్న పాత కార్కును బ్లేడుతో గీకివేసి, అంచులను పొడిగుడ్డతో తుడిచెను. డిక్కీలో దాచియుంచిన కార్కు షీటుపై కవరును బోర్లించి, పెన్సిలుతో గీత గీసి కత్తిరించి, కవరువైపు మాత్రమే షెల్లాకు పూసి అంటించెను. నట్లను ఒకదాని తరువాత నొకటి కొంచెముకొంచెముగా బిగించుచు, "ఇక్కడ బలం సూపించకూడదు బాబూ, కార్కు సితికిపోద్ది" అని చెప్పెను. వెనుకటి మరమ్మతులో ఎవరో చూపిన ఆ బలమే ఈ చీలికకు కారణము. పిమ్మట గేజికడ్డీ తీసి చూచి, తగ్గినమేర ఆయిలు పోసి, మానిఫోల్డుపై చేతికందినంత జిడ్డును తుడిచివేసెను. మిగిలిన జిడ్డు కాలువరకు వాసన కొంతదూరము వెంట వచ్చి, క్రమముగా సమసిపోయినది.

అనంతగిరి చేరి, సిల్వరు ఓకు చెట్ల నీడను ఎదిగిన కాఫీతోటలనడుమ మరల బానెట్టు ఎత్తి చూచితిమి. ఆ చెట్లను మిరియపుతీగలు అల్లుకొనియున్నవి. కవరు వెనుకమూలను వేలితో తడిమితిని; పొడిగానున్నది. అరకు వరకు ఆ వాసన మరల రాలేదు.

యంత్రమరమ్మతును కేవలము చేతిపనియని తలచుట అన్యాయము. అందు బుద్ధిపాలు అధికము, చేతిపాలు తరువాతిది. ఘాటుమార్గములకు పోవు పాఠకులకు నా మనవి యొక్కటే: మాడువాసన సోకినయెడల 'ఊరు చేరిన పిదప చూతములెండి' అని సాగిపోకుడు. వేడెక్కిన మానిఫోల్డుపై కారిన ఆయిలు నిప్పంటుకొనగలదు. బండి నిలుపుడు, చల్లారనిండు, వాసన ఎప్పుడు పుట్టినదో జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఆ మాట మెకానిక్కుకు చెప్పినచో సగము మరమ్మతు ముగిసినట్లే.