వాకాడులో ఒక గోల్డ్ కార్డు కథ

గూడూరు జంక్షన్‌లో రైలు దిగి వాకాడు బస్సెక్కితే, కోట దాటేసరికి గాలి మారిపోతుంది. అప్పటిదాకా ముఖానికి కొట్టిన వేడి తగ్గి ఉప్పు తేమ మొదలవుతుంది. దారి పొడుగునా వరి మళ్లు, రొయ్యల గుంటలు. ఊరి దగ్గర స్వర్ణముఖి మీద బ్యారేజీ. ఇంకా తూర్పుకి పోతే బకింగ్‌హామ్ కాలువ, దాని అవతల సముద్రం.

2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు వాకాడు మండలం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు, అడ్రసు మాత్రం మారింది. ఊళ్లో పెద్దవాళ్లని మీదే జిల్లా అని అడిగి చూడండి. ముందు నెల్లూరే అంటారు. తరవాత నాలిక్కరుచుకుని తిరుపతి అంటారు.

మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి సొంతూరుగా వాకాడు పేరు చాలామందికి తెలుసు. దగ్గర్లోని విద్యానగర్‌లో 1979లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలకి చదువు ఇంటిముందుకొచ్చినట్టయింది. చదువుకున్నవాళ్లు చెన్నై, బెంగళూరు దాటి అమెరికా, యూరప్ దాకా పోయారు. అందుకే ఈ తీరాన ఒక విచిత్రం కనిపిస్తుంది. వరండాలో వలలూ ఎరువుల బస్తాలూ, అటక మీద విమానం ట్యాగులు ఊడని పెద్ద పెద్ద సూట్‌కేసులు!

అట్లాంటి ఇళ్లలో మా మేనమామగారిది ఒకటి. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. కూతురు అమెరికాలో ఉంటుంది. అత్తా ఆయనా ఇప్పటికి చాలాసార్లు పోయొచ్చారు. ఎప్పుడూ ఒకే విమాన సంస్థ. దాని పేరు మనకనవసరం. అన్నిసార్లు తిరిగినందుకు ఆయనకి గోల్డ్ కార్డు వచ్చింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పాస్‌పోర్టు పెట్టే సంచిలోనే దాన్నీ దాచారు.

నేను పోయినరోజు ఆయన ఒక ఈ-మెయిల్ ప్రింటు తీయించి ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ సంస్థ తానున్న కూటమి వదిలి ఇంకో కూటమిలో చేరుతోందట. ఫలానా తేదీ నుంచి మార్పు. మీ పాయింట్లు భద్రంగా ఉంటాయి, దిగులు పడకండి అని రాశారు.

"కూటమి అంటే మనకి ఎలక్షన్లప్పుడే కదబ్బయ్యా! విమానాలకి కూడా ఉండాదా?" అంది అత్త.

"పాయింట్లు యాడికీ పోలేదంట. వాటితో మనం యాడికి పోగలమో అది మారిందంట," అన్నారు మావ.

విమానయాన నిపుణులు పేజీలకి పేజీలు రాసేదాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.

అసలీ కూటములేమిటి?

ప్రపంచంలో ఏ ఒక్క విమాన సంస్థా అన్ని ఊళ్లకీ పోదు. వాకాడు మనిషి అమెరికాలో ఒక చిన్న ఊరికి పోవాలంటే చెన్నైలో ఒకరి విమానం ఎక్కి, మధ్యలో దిగి, ఇంకొకరి విమానం ఎక్కాలి. ఈ ఇద్దరూ ముందే చేతులు కలుపుకుంటే ప్రయాణికుడికి సుఖం. టికెట్ ఒకటే, చెన్నైలో ఇచ్చిన పెట్టెల్ని ఆ సంస్థలే ఒకరికొకరు అందించుకుంటాయి, పాయింట్లన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఈ ఏర్పాటుకే 1997లో అయిదు సంస్థలు కలిసి స్టార్ అలయన్స్ పెట్టాయి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ వచ్చాయి. ఇప్పుడు పెద్ద కూటములు ఈ మూడే.

చెన్నైలో మనకి కనపడే విమానాల్లో లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎయిరిండియా స్టార్ అలయన్స్‌వి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్, శ్రీలంకన్ వన్‌వరల్డ్‌వి. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. ఎయిరిండియా స్టార్ అలయన్స్‌లో చేరింది 2014 జులై 11న. మన దేశం నుంచి ఏ కూటమిలోనైనా చేరిన మొదటి సంస్థ అదే. అంతకుముందు కింగ్‌ఫిషర్ 2012లో వన్‌వరల్డ్‌లో చేరాల్సింది. ముహూర్తానికి కొద్ది రోజుల ముందు ఆగిపోయింది. ఆ ఏడాదే ఆ విమానాలే ఆగిపోయాయి.

మావ కార్డు విలువ అర్థం కావాలంటే ప్రయాణం రోజు చూడాలి. గోల్డ్ ఉంటే కూటమిలో ఏ విమానం ఎక్కినా చెకిన్‌లో చిన్న క్యూ. సామాను కొంచెం ఎక్కువ తీసుకుపోనిస్తారు. ఆ ఎక్కువ పెట్టెలోనే ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, మనవరాలి పట్టు లంగా. మధ్యలో ఆరేడు గంటలు ఆగాల్సిన చోట లాంజ్‌లో మెత్తటి సోఫా, వేడివేడిగా ఏదో ఒకటి తినడానికి. మోకాళ్ల నొప్పులున్న అత్తకి ఆ సోఫా చాలా పెద్ద విషయం. వీల్‌చైర్ మాత్రం కార్డుతో వచ్చేది కాదు. అవసరమున్న ఎవరికైనా ముందే చెప్పి ఉంచితే ఇస్తారు. ఆ సంగతి తెలిశాక అత్త మొహంలో సగం దిగులు పోయింది.

ఏది పోతుంది, ఏది ఉంటుంది?

ఇట్లాంటి మార్పులు కొత్త కాదు. అమెరికాలో కాంటినెంటల్ 2009లో స్కైటీమ్ నుంచి స్టార్ అలయన్స్‌కి మారింది. యు.ఎస్. ఎయిర్‌వేస్ 2014లో స్టార్ నుంచి వన్‌వరల్డ్‌కి వెళ్లింది. ఈ మధ్య అందరూ చెప్పుకున్నది ఎస్.ఎ.ఎస్. సంగతి. స్టార్ అలయన్స్ పెట్టిన అయిదుగురిలో అదీ ఒకటి. 2024 ఆగస్టు 31తో సొంత కూటమిని వదిలి మర్నాడే స్కైటీమ్‌లో చేరింది. కొత్త చుట్టరికం అలవాటు చెయ్యడానికి ఒక పందెం కూడా పెట్టింది. ఆ ఏడాది ఆఖరులోగా 15 స్కైటీమ్ సంస్థల విమానాలెక్కినవాళ్లకి పది లక్షల పాయింట్లు!

ఇవన్నీ చూస్తే ఒక పద్ధతి తెలుస్తుంది. పాయింట్ల అంకె సాధారణంగా అట్లాగే ఉంటుంది. కానీ పాత కూటమి విమానాల్లో వాటితో టికెట్ తీసుకునే వీలు ఆ తేదీతో ఆగిపోతుంది. అంతకుముందే తీసుకున్న టికెట్ మామూలుగా చెల్లుతుంది. గోల్డ్ మర్యాదలు మాత్రం టికెట్ కొన్న రోజుని బట్టి కాదు, ఎక్కిన రోజుని బట్టి. నిన్నటిదాకా లాంజ్‌లోకి రమ్మన్న చోటే ఇవాళ బయట కుర్చీ చూపిస్తారు. ఒక్కోసారి కూటమి పోయినా, రెండు సంస్థల మధ్య విడి ఒప్పందం ఉండి కొన్ని సౌకర్యాలు మిగులుతాయి. అది అడిగి తెలుసుకోవాల్సిందే.

మన దగ్గరా ఇట్లాంటిదే ఒకటి జరిగింది. విస్తారా ఏ కూటమిలోనూ లేదు. 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసిపోయింది. దాని సభ్యుల పాయింట్లు ఎయిరిండియా వాళ్ల మహారాజా క్లబ్‌లోకి వెళ్లాయి. వాళ్లకి ఒక్కసారిగా స్టార్ అలయన్స్ తలుపులు తెరుచుకున్నాయి. అంటే మార్పు ప్రతిసారీ నష్టమే కానక్కర్లేదు. జెట్ ఎయిర్‌వేస్‌ది ఇంకో కథ. 2019 ఏప్రిల్‌లో విమానాలు ఆగాయి, పాయింట్ల పథకం మాత్రం ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని బతికింది. పాయింట్లు మిగిలాయి, ఎక్కడానికి ఆ విమానమే లేకపోయింది.

దుగరాజపట్నం ముందే చూసింది

సాయంత్రం మావ నన్ను దుగరాజపట్నం వైపు తీసుకుపోయారు. ఇదీ వాకాడు మండలమే. ఇప్పుడు చూస్తే ఇసుక, సరుగుడు చెట్లు, ఒడ్డున పడవలు. కానీ నాలుగు వందల ఏళ్ల కింద ఇది ఇంగ్లీషువాళ్ల రేవు. వాళ్లు దీన్ని ఆర్మగాన్ అనేవాళ్లు. ఇక్కడి లైట్‌హౌస్‌కి ఇప్పటికీ ఆ పేరే.

ఆ రేవు పుట్టుకలోనే ఒక కూటమి కథ ఉంది. 1619లో ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు పోట్లాడుకోవడం మాని ఒప్పందం చేసుకున్నాయి. ఆ లెక్కన దక్షిణాన డచ్చివాళ్ల కోట ఉన్న పులికాట్‌లో ఇంగ్లీషువాళ్లకీ వ్యాపారంలో వాటా దొరికింది. పొత్తు ఎక్కువ కాలం నిలవలేదు. వాళ్లు బయటికొచ్చి 1626లో ఇక్కడ సొంత కొట్టు పెట్టుకున్నారు. ఇక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. కంపెనీ సరంజామా అటు కదిలింది. మద్రాసు మహానగరమైంది, ఆర్మగాన్ మళ్లీ దుగరాజపట్నమైంది.

"కంపెనీ పోయేటప్పుడు ఈ ఊరోళ్లని ఎవురన్నా అడిగుంటారా?" అన్నారు మావ, చేతిలో మడిచిన ఈ-మెయిల్‌తో సముద్రం వైపు చూపిస్తూ. "పొత్తు వాళ్లది. మనం దాని నీడలో కూర్చున్నోళ్లం. నీడ జరిగితే మనమే జరగాల."

మాటలు కూడా ఈ తీరానికి కొత్త కాదు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు కడతామనీ, 2018 ఆఖరుకి మొదటి దశ పూర్తి చేస్తామనీ రాశారు. ఆ తేదీ పోయింది, రేవు రాలేదు. పాయింట్లైనా చట్టంలో మాటైనా, చేతికందేదాకా మనది కాదని ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి కూతురితో మాట్లాడి మావ లెక్క తేల్చారు. అట్టే పెట్టుకున్న పాయింట్లతో, గడువుకి ముందే, పాత కూటమి విమానంలోనే ఇద్దరికీ టికెట్లు. ప్రయాణం కూడా గడువు లోపలే పెట్టుకున్నారు, అత్తకి లాంజ్ సోఫా తప్పిపోకుండా. మామిడికాయల కాలం దాటకముందే పోతారు కాబట్టి ఆవకాయకీ ఢోకా లేదు.

మీ ఇంట్లోనూ అట్లాంటి కార్డు ఉంటే మూడు సంగతులు గుర్తుంచుకోండి. పాయింట్లు బంగారం కాదు, దాచినకొద్దీ పెరగవు. ఎయిరిండియా 2024 ఏప్రిల్ నుంచి దూరాన్ని బట్టి కాకుండా పెట్టిన డబ్బుని బట్టి పాయింట్లు ఇస్తోంది. కూటమి మారకపోయినా ఇట్లాంటి నిబంధనలు మారతాయి. రెండు, మార్పు అన్న మాట వినగానే తేదీ చూసుకోండి. మూడు, అమ్మానాన్నల గోల్డ్ మర్యాదలు ప్రయాణం రోజుకి ఉంటాయో లేదో టికెట్ కొనేముందే అడగండి.

వాకాడు చూడాలంటే గూడూరు నుంచి బస్సులున్నాయి. చెన్నై నుంచి కారులో వస్తే నాయుడుపేట దాకా జాతీయ రహదారే. తూపిలిపాలెం బీచ్‌కి ఎండ తగ్గాక పోవాలి. శ్రీహరికోట దక్షిణానే ఉంది కాబట్టి రాకెట్ ఎగిరే రోజు చూసుకుని వస్తే ఇంకా మంచిది. అది మాత్రం ఏ కార్డూ లేకుండా అందరికీ ఒకేలా కనపడుతుంది.