వాచిన కీలు లోపల

"పసిపిల్లలకు కీళ్లవాతమేంటండీ, అది ముసలివాళ్ల జబ్బు కదా!" ఈ మాట అనని తల్లిదండ్రులు నా దగ్గరికి చాలా అరుదుగా వస్తారు. కీళ్లు అరగడం ముసలితనంలో జరుగుతుంది, నిజమే. పిల్లల్లో జరిగేది అది కాదు. ఇక్కడ ఎముక తప్పు లేదు, వంకాయ తప్పు లేదు, తల్లి పెంపకం తప్పు అసలే లేదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక కణాలే కీలు లోపలి పొరలో గుమిగూడి, సూక్ష్మజీవి ఏదీ లేకపోయినా వాపు పుట్టిస్తాయి. వాటిలో ఏ కణం ముందుందన్నదాన్ని బట్టి జబ్బు రూపం మారుతుంది, మందూ మారుతుంది. ఇది వైద్యులకే పరిమితమైన సంగతి కాదని, ఇంట్లోవాళ్లకు తెలిస్తే సగం ఆలస్యం తప్పుతుందని నా నమ్మకం.

లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే వైద్యుడు 1897లోనే 22 మంది పిల్లల గురించి రాస్తూ, వీళ్లలో చాలామందికి ఉన్నది పెద్దవాళ్లలో కనిపించే కీళ్లవాతం కాదని చెప్పాడు. పదహారేళ్లు నిండకముందే మొదలై, ఆరు వారాలైనా తగ్గక, వేరే కారణమేదీ దొరకని కీళ్లవాపును ఇప్పుడు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ అంటున్నాం. పేరు ఒకటే గానీ, దాని కింద చాలా జబ్బులున్నాయి.

మూడేళ్ల పాపను వాళ్ల అమ్మమ్మ చంకనేసుకుని తీసుకొచ్చింది. కుడి మోకాలు ఉబ్బి ఉంది. చెయ్యి ఆనిస్తే కాస్త వెచ్చగా తగిలింది. ఎరుపు లేదు, పాపకు ఏడుపూ లేదు. "పొద్దున లేవగానే కాలు కింద పెట్టదు డాక్టరు గారూ, ఎత్తుకోమంటది. టిఫిన్ల వేళకి మళ్లీ మామూలే, పరుగులు పెడతది. ఎక్కడో పడి ఉంటదని కట్టు కట్టించాం" అంది. ఆ కట్టుతో వారాలు గడిచాయి. నేను చూసేసరికి తొడ కండ సన్నబడింది, మోకాలు పూర్తిగా చాచలేకపోతోంది. పైగా కుడికాలు ఎడమకాలి కంటే ఒక పిసరు పొడుగైంది. వాపున్న చోటికి రక్తం ఎక్కువగా చేరి, అక్కడి ఎముక చివర తొందరగా ఎదగడం వల్ల అలా అవుతుంది.

పొద్దున బిగుసుకుపోయి, కదిలించేకొద్దీ సడలే కీలును దెబ్బ తగిలిన కీలుగా భావించకూడదు. దెబ్బ తగిలినది ఆడేకొద్దీ నొప్పి పెడుతుంది. వాపు జబ్బు పట్టినది రాత్రంతా కదలకుండా ఉన్నందుకు బిగుస్తుంది. మూడేళ్ల పిల్ల తనకు నొప్పిగా ఉందని చెప్పదు, ఎత్తుకోమని చేతులు చాస్తుంది. అంతే.

మోకాలి నుంచి తీసిన నీరు మబ్బుగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న కీలునీటిలో ఘన మిల్లీమీటరుకు తెల్లకణాలు 200 లోపే ఉంటాయి. ఈ పాపకు వేలల్లో ఉన్నాయి. కల్చర్‌లో సూక్ష్మజీవి ఏదీ పెరగలేదు. అంటే చీము కాదు, క్షయ కాదు. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు, టి-కణాలు కలిసి అక్కడ కాపురం పెట్టాయి. టి-కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-17, మాక్రోఫేజ్‌లు విడుదల చేసే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 కలిసి కీలు లోపలి పలుచటి పొరను మందంగా, మెత్తగా మార్చేస్తాయి. అలా ఎదిగిన పొర మృదులాస్థిని కొరుక్కుంటూ పోతుంది.

ఈ కణాల్లో ఒక జాతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టి-కణాల్లోనే మిగతావాటిని అదుపులో ఉంచే నియంత్రక టి-కణాలున్నాయి. జపాన్‌కు చెందిన షిమోన్ సకగూచి 1995లో వీటి ఉనికిని చూపాడు. అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో ఫాక్స్‌పీ3 అనే జన్యువును పట్టుకున్నారు. ఆ జన్యువు లేనిదే ఈ కణాలు తయారుకావని తరువాత తేలింది. దానిలో లోపంతో పుట్టిన మగపిల్లలకు పాలు తాగే వయసులోనే మధుమేహం, ఆగని విరేచనాలు, చర్మవ్యాధి ముసురుకుంటాయి. 2025 వైద్య నోబెల్ ఈ ముగ్గురికీ దక్కింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ పాప మోకాలే గుర్తొచ్చింది.

ఎందుకంటే, ఇలాంటి పిల్లల కీలునీటిలో నియంత్రక కణాలు తక్కువగా ఉంటాయేమో అనుకుంటాం గానీ, రక్తంలో కంటే అక్కడే ఎక్కువగా ఉంటాయి. మరి వాపు ఎందుకు తగ్గదు? 2011లో ఐరోపా పరిశోధకులు కీలు నుంచి తీసిన కణాలను పరీక్షించి చూపిందేమిటంటే, లోపం నియంత్రక కణాల్లో కాదు, ఎదుటి టి-కణాల్లో ఉంది. ఊళ్లో తగాదా తీర్చడానికి పెద్దమనుషులు వచ్చే ఉన్నారు, అరుగు మీద కూర్చునే ఉన్నారు, కొట్టుకునేవాళ్లే మాట వినడం లేదు. కాబట్టి నియంత్రక కణాలను పెంచితే చాలదు, అదుపు తప్పిన టి-కణాలను చల్లబరచాలి. మనం ఇచ్చే మందుల పని ఎక్కువగా అదే.

ఆ పాపను కళ్లకు చూపించమన్నాను. "మోకాలికీ కంటికీ ఏం సంబంధం డాక్టరు గారూ?" అని అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. ఈ రకం కీళ్లవాపులో, ముఖ్యంగా ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్‌గా ఉన్న చిన్న ఆడపిల్లల్లో, ఇవే కణాలు కంటి లోపలికీ చేరతాయి. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి పెట్టదు. చూపు పోయాకే బయటపడుతుంది. స్లిట్ ల్యాంప్‌లో చూస్తే తప్ప తెలియదు. ఐరోపా పిల్లల కంటే మన పిల్లల్లో ఇది తక్కువే. అయినా ఈ పాప కంటి ముందు గదిలో కణాలు తేలుతూ కనిపించాయి. అప్పటికి చూపు చెడలేదు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్, వారానికొకసారి మెథోట్రెక్సేట్, కంట్లో చుక్కలు, మోకాలికి వ్యాయామం. నెలల్లో నడక సర్దుకుంది. కళ్ల పరీక్ష మాత్రం మూడు నెలలకోసారి ఇంకా నడుస్తోంది.

ఇంకో పిల్లవాడికి ఏడేళ్లు. అతనిది వేరే దారి. రోజూ సాయంత్రం జ్వరం మంటలా లేచేది, తెల్లారేసరికి దిగిపోయేది. జ్వరంతోపాటే ఒంటి మీద లేత గులాబీ మచ్చలు వచ్చి, దాంతోనే మాయమయ్యేవి. టైఫాయిడ్ అని యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ పడ్డాయి. మణికట్లు, మోకాళ్లు వాచాక నా దగ్గరికి వచ్చాడు. ఇది సిస్టమిక్ రకం. ఇక్కడ టి-కణాల పెత్తనం తక్కువ. మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ ముందు నడుస్తాయి. అవి చిమ్మే ఇంటర్‌ల్యూకిన్-1, 6, 18 ఒళ్లంతా ప్రవహిస్తాయి. 2005లో డాలస్‌లో వర్జీనియా పాస్కల్ బృందం ఈ పిల్లల రక్తరసాన్ని ఆరోగ్యవంతుల కణాలకు తగిలించి, అవి ఇంటర్‌ల్యూకిన్-1 తయారుచేయడం మొదలుపెట్టాయని చూపింది. దాన్ని అడ్డుకునే మందు ఇచ్చిన పిల్లల్లో చాలామందికి జ్వరం ఇట్టే దిగిపోయింది.

చికిత్స మొదలైన కొద్ది వారాలకు వైరల్ జ్వరమేదో తగిలి, ఈ అబ్బాయికి జ్వరం దిగకుండా నిలిచిపోయింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. వానాకాలం. ఊళ్లో అందరూ డెంగీ అన్నారు, బొప్పాయి ఆకు రసం పట్టారు. వాపును సూచించే ఈఎస్ఆర్ కూడా తగ్గిందని తండ్రి కాస్త ధైర్యంగానే కాగితం నా ముందు పెట్టాడు. ఆ అంకె చూసే నాకు భయం వేసింది. జ్వరం మండుతుండగా ఈఎస్ఆర్ పడిపోయిందంటే, రక్తంలో ఫైబ్రినోజెన్ ఖర్చైపోతోందని అర్థం. మాక్రోఫేజ్‌లు అదుపు తప్పి, ఎముక మజ్జలో ఆ ఒంటి రక్తకణాలనే మింగుతున్నాయి. దీన్ని మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అంటారు. ప్రాణం తీస్తుంది. ఇలాంటి పిల్లల్లో రక్తంలో ఫెర్రిటిన్ అనే ప్రొటీన్ మిల్లీలీటరుకు 684 నానోగ్రాములు దాటితేనే అనుమానించమంటాయి నిర్ధారణ సూత్రాలు. ఈ అబ్బాయికి పదివేలు దాటింది. ఆ రాత్రే పెద్ద మోతాదులో మిథైల్‌ప్రెడ్నిసొలోన్, తర్వాత సైక్లోస్పోరిన్ ఇచ్చాం. బతికాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. సిస్టమిక్ రకం ఉన్న బిడ్డకు ప్లేట్‌లెట్లు తగ్గితే, వెంటనే ఫెర్రిటిన్ చూడమని నా తోటి పిల్లల వైద్యులను బతిమాలుకుంటున్నాను.

మూడో రకం మన దేశంలో తరచుగా కనబడేదే. పదేళ్లు దాటిన మగపిల్లలు, మడమ నొప్పి, మోకాలి వాపు, పొద్దున నడుం పట్టేయడం. స్నాయువు ఎముకకు అతుక్కునే చోట వాపు మొదలవుతుంది. చాలామందిలో హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యు గుర్తు పాజిటివ్ వస్తుంది. వీళ్లలో కొందరు అప్పటికే ఏఎస్ఓ టైటర్ కాస్త ఎక్కువుందని, రుమాటిక్ జ్వరమనుకుని, మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్లు పొడిపించుకుంటూ వస్తారు. ఏఎస్ఓ పెరగడం గొంతులో స్ట్రెప్టోకాకస్ సోకిందని చెబుతుంది తప్ప, కీలులో ఏం జరుగుతోందో చెప్పదు. రుమాటిక్ జ్వరంలో వాపు ఒక కీలు నుంచి ఇంకో కీలుకు దూకుతుంది. రోజుల్లో పోతుంది. నెలల తరబడి ఒకేచోట తిష్ఠ వేయదు. ఈ మూడో రకంలో ఇంటర్‌ల్యూకిన్-17ను, టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు బాగా పనిచేస్తాయి. అయితే క్షయ సూక్ష్మజీవిని గోడ కట్టి బంధించి ఉంచేది కూడా ఆ టీఎన్ఎఫే. అందుకే మందు మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో దీన్ని దాటవేయడం క్షమించరాని పని.

మెథోట్రెక్సేట్ గురించి కూడా చెప్పాలి. మందుల షాపులో "ఇది క్యాన్సర్ మందండీ" అనగానే తల్లులు బెంబేలెత్తి చీటీ మడిచి పెట్టేస్తారు. క్యాన్సర్‌కు వాడే మోతాదు వేరు, ఇది వేరు. 1992లోనే పిల్లల మీద జరిపిన పరీక్షలో తక్కువ మోతాదు బాగా పనిచేస్తుందని తేలింది. ఖరీదూ తక్కువే. మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. వారానికి ఒక్కసారే వేయాలి. రోజూ వేస్తే ప్రాణాపాయం.

"వాపు పోయిందిగా, మందు ఆపేద్దామా?" అని అడుగుతారు. వాపు తగ్గినా కొన్ని టి-కణాలు ఆ కీలు పొరలోనే జ్ఞాపకంతో ఉండిపోతాయని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. జబ్బు తిరగబెట్టినప్పుడు చాలాసార్లు పాత కీలులోనే తిరగబెట్టడానికి అదొక కారణం. అందుకే తగ్గాక కూడా నెలల తరబడి వాడి, నెమ్మదిగా ఆపుతాం.

మీ బిడ్డ కీలు ఆరు వారాలు దాటి వాచి ఉంటే, పొద్దున పూట కుంటుతుంటే, లేదా రోజూ ఒకే వేళకు జ్వరం వస్తుంటే కట్లు, పథ్యాలు, ఇంజక్షన్లతో కాలం గడపకండి. పిల్లల కీళ్లవ్యాధి నిపుణుల దగ్గరికి, అందుబాటులో లేకపోతే పిల్లల వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఈ జబ్బని తేలితే, కన్ను ఎర్రగా లేకపోయినా సరే, కళ్ల పరీక్ష రాయించుకోకుండా ఇంటికి రావద్దు.