పొలుసుకు దొరకని మంచు

సూర్యాపేట, కోదాడ చేపల అంగళ్లలో మురుగుకాల్వ పాలయ్యే పొలుసుకూ, మిర్యాలగూడ ఆయకట్టు వరిమళ్లలో గాయపడే కంటికీ ఉన్న బంధుత్వం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. నల్లగుడ్డుకు ముందుండే పారదర్శక పొర, అనగా కార్నియా, ప్రధానంగా ఈ కొల్లాజెన్ పోగుల అల్లికే. పొలుసులో అదే పోగు సున్నపు ఖనిజంతో గట్టిపడి ఉంటుంది గనుక, ఖనిజాన్ని ఆమ్లంతో కరిగించి, కణాలను తొలగించి, కంటిలో ఇమిడే జీవపదార్థాన్ని తయారుచేసే ప్రయత్నాలు సాగుతున్నాయి.

ఆ తయారీకి కావలసిన తొలి నైపుణ్యం సూర్యాపేట అంగట్లో కత్తిపీటల ముందు కూర్చున్న స్త్రీల చేతుల్లో కనిపిస్తుంది. బొచ్చె చేప తోకను బిగించి కత్తిని తల దిశగా నడిపే చేయి, రవ్వ చేప వచ్చేసరికి ఒత్తిడి తగ్గించుకొని, చర్మం చిట్లకుండా పొలుసును లేపుతుంది. ఏది ఏ చేపదో ఆ చేతికి చూడకుండానే తెలుసు. అయినా పని ముగిసేసరికి పొలుసులన్నీ పేగులతో కలిసి ఒకే కుప్పవుతాయి. "చెత్తబండి పొద్దుగాల్నే వచ్చి పోతది, ఈ కంపు మాపటిదాక మాకేనాయె" అని ఒక స్త్రీ పక్క దుకాణంవైపు తిరిగి అన్నది. ప్రయోగశాల కోరేది జాతి తెలిసిన, చెడిపోని పొలుసును. దానిని వేరుచేసినందుకు ఆమెకు కూలి కట్టేవారు లేరు. కోదాడకు ఆంధ్ర చెరువుల చేప మంచులో వస్తుంది గాని, ఆ మంచు పొలుసు దాకా రాదు.

వ్యర్థంలోని కొల్లాజెన్ కంటికి పనికొస్తుందన్న ఆశకు ఆధారం పొలుసు నుంచి కాక మరోచోట నుంచి వచ్చింది. 2022లో స్వీడన్‌లోని లింక్‌షాపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆహారపరిశ్రమలో మిగిలే పందిచర్మపు కొల్లాజెన్‌తో చేసిన పొరను భారత్, ఇరాన్‌లలో 20 మందికి అమర్చిన ఫలితాలు ప్రకటించారు. వారిలో అంతకుముందు అంధులైన 14 మందికీ చూపు వచ్చింది. అదే ఏడాది ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, హైదరాబాద్ ఐఐటీ, సీసీఎంబీ కలిసి మానవ కార్నియా కణజాలంతో త్రీడీ ముద్రణలో కార్నియా రూపొందించి కుందేలుపై పరీక్షించాయి. స్వీడన్ పొర పొందినవారిది కార్నియా పలచబడి శంక్వాకారం దాల్చే కెరటోకోనస్ వ్యాధి. కోతల వేళ వరి ఆకో వడ్ల మొనో గీరుకొని, బూజు చేరి, పుండు మానినా పువ్వు (తెల్లమచ్చ) మిగిలిపోయిన కన్ను వేరే సమస్య, దానికి స్వీడన్ పరీక్ష జవాబు కాదు.

ప్రపంచంలో 70 మందికి అవసరమైన చోట ఒక్క కార్నియాయే లభిస్తున్నదని 2016 నాటి అధ్యయనం తేల్చింది. ఈ కొరతకు పొలుసు చవకైన పరిష్కారమని చెప్పేవారు, అది చవకగా కనబడుతున్నది అంగట్లో పొలుసు తీసే స్త్రీ శ్రమను లెక్కలో వేయనందువల్లనేనని గుర్తించాలి. అంగట్లో జాతికొక తొట్టి, మంచు, వేరుచేసినందుకు కూలి ఏర్పాటు చేయకుండా సుస్థిరత గురించి మాట్లాడటం న్యాయం కాదు.