ఆలోచన ఎవరి సొత్తు?

సాహిత్యచౌర్యాన్ని గురించి మాట్లాడటం తెలుగు పాఠాలు చెప్పేవాళ్లకు కొత్త కాదు. సుమారు వెయ్యేళ్ల కిందటివాడైన రాజశేఖరుడు "కావ్యమీమాంస"లో, కవులు ఇతరుల మాటల్నీ భావాల్నీ ఎన్నిరకాలుగా తీసుకుంటారో వర్గీకరించి, అందులో ఏది చెల్లుతుందో ఏది చెల్లదో చర్చించాడు. ఆ చర్చలోనే ఆయన దొంగతనం విషయంలో కవుల్నీ వర్తకుల్నీ ఒకే బంతిలో కూచోబెట్టాడు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వేవాణ్ణి. రెండేళ్ల కిందట నా ఆలోచన ఒకటి నా మిత్రుడి చేతిలో కొట్టుగా మారింది. అప్పటినుంచీ ఆ బంతిని గురించి కొంచెం శ్రద్ధగా ఆలోచిస్తున్నాను.

విషయం చాలా చిన్నది. ఐనా లెక్కలతో సహా చెప్పటం అవసరం, ఎందుకంటే పోయింది ఆ లెక్కలే. నేను తెలుగులో ఎమ్మే చేసి, గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో గంటలెక్కన పాఠాలు చెబుతున్నాను. చెప్పిన గంటలకే డబ్బు. వేసవి సెలవుల్లో గంటలుండవు కనక డబ్బూ వుండదు, కాని ఇంటివాడు ఆ రెండు నెలలూ అద్దె మానుకోడు. ఈ లోటు పూడ్చుకునే మార్గం కోసం వెతుకుతూవుంటే, నాకు తెలిసిన వస్తువు పుస్తకం ఒక్కటే కనక, దృష్టి దానిమీదికే పోయింది.

డిగ్రీ చదువుల్లో సెమిస్టరు పద్ధతి వచ్చిన తరవాత, పాఠ్యపుస్తకానికి విద్యార్థి చేతిలో ఆయుర్దాయం నాలుగైదు నెలలు. 240 రూపాయలు పెట్టి కొన్న పుస్తకాన్ని పరీక్షలైన మర్నాడు పాతపుస్తకాలవాడు 60కి తీసుకుంటాడు, దాన్నే మరుసటియేడు 120కి అమ్ముతాడు. దాన్ని 80కి కొని, సెమిస్టరుకు 40 రూపాయల చొప్పున అద్దెకివ్వాలని నా ఆలోచన. డిపాజిట్టు 80, పుస్తకం తెచ్చిచ్చిన రోజున ఆ 80 వాపసు. ఎవరన్నా పుస్తకం పోగొడితే ఆ డిపాజిట్టుతో మరొకటి కొనవచ్చు. ఐతే మొదటి సెమిస్టరు పుస్తకం మళ్ళీ మొదటి సెమిస్టరుకే పనికొస్తుంది గనక, ఏ పుస్తకమైనా ఏడాదికి ఒక్కసారే అద్దెకు పోతుంది. సిలబసు మారకుండా నాలుగేళ్లు నిలిస్తే పుస్తకంమీద 160 వస్తాయి. అందులో కొన్న ధర 80, బైండింగుకు 20 పోగా మిగిలేది 60. వెయ్యి పుస్తకాలుంటే నాలుగేళ్లలో 60,000, అంటే ఏడాదికి 15,000. పెట్టుబడి లక్ష. దీన్ని వ్యాపారమనటానికి కూడా నాకు మొహమాటంగానే వుండేది, కాని నా వేసవి గడవటానికి అది చాలు.

ఈ లెక్క గాలిలో కట్టింది కాదు. దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. ఆదివారాలు విజయవాడ లెనిన్ సెంటర్లో పాతపుస్తకాల కొట్లచుట్టూ తిరిగి, ఏ పుస్తకం ఎంతకు కొంటున్నారో ఎంతకు అమ్ముతున్నారో రాసుకున్నాను. వందమందికి పైగా విద్యార్థుల్ని అడిగాను. డిపాజిట్టు మొదట 120 అనుకున్నాను. పొద్దున్నే పల్లెవెలుగు బస్సులో వచ్చే ఆడపిల్లలు కొందరు, అంత సొమ్ము అయిదు నెలలపాటు ఒకచోట పడివుండటం తమవల్ల కాదన్నారు. 80 అన్న అంకె వాళ్లు చెప్పగా వచ్చింది. ఇదంతా ఒక నోటుబుక్కులోకి ఎక్కింది.

ఆ నోటుబుక్కు చూసిన మొదటి మనిషి నా మిత్రుడు. అతని పేరు ఇక్కడ అనవసరం. ఎమ్మే చదివిన రెండేళ్లూ హాస్టల్లో మాది ఒకే గది. స్టడీ సర్కిల్లో ఇద్దరం పక్కపక్కనే కూచునేవాళ్లం. నా పెళ్లికి పీటలమీద బట్టలు సర్దింది అతనే. రెండు సాయంత్రాలు కూచుని అంతా చూశాడు, మంచి ప్రశ్నలు వేశాడు, పుస్తకం వెనక అట్టమీద ఎవరెవరు ఎప్పుడు తీసుకున్నదీ రాయటానికి ఒక చీటీ అంటించమని సలహా కూడా ఇచ్చాడు. "తీరిగ్గా చూసిస్తారా" అని నోటుబుక్కు ఒక రాత్రి ఇంటికి తీసుకుపోయాడు.

ఆ వేసవి దాటి కాలేజీలు తెరిచేసరికి, అతని బావమరిది జిరాక్సు కొట్టు పక్కగదిలో అద్దె పుస్తకాల కొట్టు వెలిసింది. నాకీ సంగతి నా విద్యార్థి ఒకడు తెచ్చిన పుస్తకంవల్ల తెలిసింది. వెనక అట్టమీద చీటీ వుంది. నేను ఎంచిన పుస్తకాల జాబితా వుంది. మార్పులు రెండే: అద్దె 40కి బదులు 80; డిపాజిట్టు 200, గడువు దాటి ఏడు రోజులైతే అది కొట్టుకే జమ.

నేను వెళ్లి అడిగాను. అతను దాచలేదు, బుకాయించలేదు. మూడు మాటలన్నాడు. "అద్దె పుస్తకాల కొట్లు మన తాతల నాటినుంచీ వున్నవే గదరా, ఇందులో నువ్వు కనిపెట్టిందేముంది?" అన్నాడు. "నువ్వెటూ పెట్టేవాడివి కాదు" అన్నాడు. ఆఖర్ని నవ్వుతూ, "ఆలోచనలు అందరి సొత్తూ అని సర్కిల్లో గంటలకొద్దీ చెప్పింది నువ్వే కదరా" అన్నాడు.

ఈ మూడు మాటల్నీ కోపంతో తోసెయ్యటం సులభం. కాని మూడూ మనబోటివాళ్లం రోజూ మాట్లాడే మాటలే గనక, ఒక్కొక్కదాన్నీ తీసి పరిశీలించటం నాకు అవసరమనిపించింది.

మొదటిమాట నిజం. 1960, 70లలో ఆంధ్రదేశంలో పట్టణాలన్నిటా అద్దె పుస్తకాల కొట్లుండేవి. రోజుకు కొన్ని పైసల చొప్పున నవలలు ఇచ్చేవాళ్లు. పుస్తకం కొనే స్తోమతు లేని ఎన్నో ఇళ్లలోకి, ముఖ్యంగా ఆడవాళ్ల చేతుల్లోకి, నవల ఆ కొట్లద్వారానే వెళ్లింది. వాటికంటే ముందు గ్రంథాలయోద్యమం వుంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. చేతినుంచి చేతికి పోతేనే పుస్తకానికి విలువ అన్నది ఆ ఉద్యమం మనకు నేర్పిన సంగతి. నా నోటుబుక్కు ఈ వారసత్వంలోనిదే. ఆ మాట నేను అడిగినవాళ్లందరికీ చెబుతూనే వచ్చాను. కాని వారసత్వం వున్నంతమాత్రాన తరవాతివాడు చేసినపని లేనట్టు కాదు. తెలుగు విద్యార్థికి ఈ సంగతి విడిగా చెప్పనవసరం లేదు. మన కావ్యాల్లో పూర్వకవిస్తుతి అని ఒక సంప్రదాయం వుంది. తీసుకునేవాడు ఎవరిదగ్గర తీసుకుంటున్నాడో ముందు చెప్పి, ఆ తరవాత తీసుకుంటాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన, నన్నయ వదిలిపెట్టిన అరణ్యపర్వశేషాన్ని పూర్తిచేసి, రాజరాజనరేంద్రుణ్ణే కృతిపతిగా నిలిపి, అది నన్నయ రచనే అన్నట్టు నడిపాడు. అంటే తన శ్రమను కూడా ముందువాడి ఖాతాలోనే రాశాడు. ఉమ్మడి సొత్తు అన్నది ఇట్లా పెరుగుతుంది. నా మిత్రుడు చేసింది దీనికి సరిగా వ్యతిరేకం: ముందువాడి శ్రమను తన ఖాతాలో రాసుకుని, అడిగినవాడికి మాత్రం తాతల పేరు చెప్పాడు.

రెండోమాట మరింత ఆలోచించదగ్గది. "నువ్వెటూ పెట్టేవాడివి కాదు" అన్నది నా స్వభావం మీద చేసిన వ్యాఖ్యలాగా వినిపిస్తుంది. నిజానికది నా జేబు మీద చేసిన వ్యాఖ్య. నాదగ్గర లక్ష లేదు, గదికి అడ్వాన్సు లేదు. రెండువందల పుస్తకాలతో మొదలుపెట్టి మెల్లిగా పెంచాలనుకున్నాను. అతనికి గది వుంది, కరెంటు వుంది, జిరాక్సుకోసం వచ్చే విద్యార్థులు గుమ్మంలోనే వున్నారు. చిన్న వ్యాపారాల విషయంలో "ఆలోచనే పెట్టుబడి" అని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఇప్పుడు కాలేజీలకు కూడా వస్తున్నారు. మా పిల్లలు శ్రద్ధగా నోట్సు రాసుకుంటారు. కాని అడ్వాన్సు కట్టగలవాడి గుమ్మం ముందు ఆలోచన ఎంతసేపు నిలబడగలదో ఆ ఉపన్యాసకులు చెప్పరు. పైపెచ్చు, ఆలోచన చేతులు మారినప్పుడు దాని ప్రయోజనం కూడా మారిపోతుంది. 80 అన్న అంకె బస్సులో వచ్చే ఆడపిల్లలు చెప్పింది. 200 అన్నది గది అద్దె చెప్పింది. ఏడో రోజున డిపాజిట్టు పోగొట్టుకునేది ఆ ఆడపిల్లలే. అందుచేత నష్టపోయింది నేనొక్కణ్ణే అనుకోవటం సరికాదు.

ఇక మూడోమాట. ఆలోచనలు అందరి సొత్తు అని నేను అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను. తమాషా ఏమిటంటే, ఈ విషయంలో మన చట్టంకూడా నాతోనే ఏకీభవిస్తున్నది. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త "హమ్ హిందుస్తానీ" అన్న నాటకం రాసి, 1954లో ఢిల్లీలో ప్రదర్శింపజేశాడు. మరుసటియేడు ఒక సినిమా నిర్మాత అతని నోట నాటకం చదివించుకుని విన్నాడు. 1956లో "న్యూఢిల్లీ" అన్న చిత్రం వచ్చింది. అందులోనూ ఒక పంజాబీ కుటుంబం, ఒక దక్షిణాది కుటుంబం, వాళ్ల పిల్లల ప్రేమ, ప్రాంతీయ దురభిమానం వున్నాయి. ఆనంద్ దావా వేశాడు. కింది కోర్టులో ఓడి, హైకోర్టులో ఓడి, చివరికి 1978లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయాడు. ఆలోచనకూ ఇతివృత్తానికీ కాపీరైటు లేదనీ, దాన్ని వ్యక్తంచేసిన తీరుకే వుంటుందనీ, చిత్రం ఆ ఇతివృత్తాన్ని వేరేవిధంగా నడిపిందనీ కోర్టు చెప్పింది. వ్యాపారపద్ధతి సంగతి కూడా ఇంతే. మన పేటెంట్ల చట్టం వ్యాపారపద్ధతిని పేటెంటు ఇవ్వదగ్గ ఆవిష్కరణగా ఒప్పుకోదు.

ఇది న్యాయమేనని నేననుకుంటాను. పాత పుస్తకాలు అద్దెకివ్వటం నా హక్కుగా చట్టం రాసిస్తే, ఇంకోవూళ్లో ఇంకో గంటలెక్క మేష్టరు ఆ పని చెయ్యకుండా నేను అడ్డుపడవచ్చన్నమాట. అటువంటి హక్కు నాకు అక్కర్లేదు.

ఐతే చట్టం అక్కడితో ఆగలేదు. 2003లో బొంబాయి హైకోర్టులో ఒక వ్యాజ్యం తేలింది. ఒక టెలివిజన్ సీరియల్‌కు పనికొచ్చే ఊహను ఒకరు నమ్మకంమీద ఒక సంస్థకు వివరించారు. ఆ సంస్థ తరవాత దాన్ని తనదిగా వాడుకోబోయింది. కోర్టు ఇది నమ్మకాన్ని ఉల్లంఘించటమని, దాన్ని ఆపే ఉత్తర్వును సమర్థించింది. నా దృష్టిలో ఈ తేడా చాలా ముఖ్యమైనది. ఆలోచన లోకానిది కావచ్చు, కాని దాన్ని నమ్మి ఒకడికి చెప్పిన సందర్భం ఆ ఇద్దరిది. నా నోటుబుక్కు బజార్లో దొరికివుంటే నా మిత్రుడికీ నాకూ మధ్య తగాదా లేదు. అది అతనికి దొరకలేదు, నేను ఇచ్చాను. "నేను పెడదామనుకుంటున్నాన్రా" అని అతను ఒక్కమాట అనివుంటే, నేను నోటుబుక్కు ఇచ్చి, డిపాజిట్టు మాత్రం పెంచొద్దని బతిమాలివుండేవాణ్ణి. ఆ ఒక్కమాటా అతను అనలేదు, ఎందుకంటే అన్న తరవాత డిపాజిట్టు పెంచటం కష్టమయేది.

అందరి సొత్తు అన్న మాట చాలా గొప్పది. అందుకే దాన్ని వాడేవాణ్ణి కాస్త నిలదీసి అడగాలి: నువ్వు తీసుకున్నది అందరి సొత్తే ఐతే, నీవల్ల మళ్ళీ అందరికీ చేరిందేమిటి? పంచుకోవటం తీసుకునేటప్పుడు మాత్రమే గుర్తొచ్చేవాడికి ఆ మాట మనం అరువివ్వకూడదు. నేను కోర్టుకు పోలేదు. ఏడాదికి 15,000 రూపాయల వ్యవహారానికి వకీలు దొరకడు. అతనికి చెప్పటం పొరపాటని మాత్రం నాకు ఈనాటికీ అనిపించదు. రెండేళ్లు ఒకే గదిలో వున్నవాడికి చెప్పుకోలేని లోకాన్ని కోరుకునేవాళ్లమైతే మనం స్టడీ సర్కిల్ పెట్టుకోవటమే అనవసరం.

ఈ యేడు మా విద్యార్థులు కొందరు వచ్చి నోటుబుక్కు అడిగారు, ఇచ్చాను. కాలేజీలో ఖాళీగా వున్న ఒక బీరువా అడిగి తీసుకుని, సీనియర్ల దగ్గర పుస్తకాలు సేకరించి, వాళ్లే నడుపుతున్నారు. గది అద్దె లేదు కనక పుస్తకం అద్దె 20కి దిగింది. డిపాజిట్టు 80 దగ్గరే వుంది. ధరలు చెప్పిన లెనిన్ సెంటర్ కొట్లవాళ్లనుంచి, చీటీ సలహా ఇచ్చిన నా మిత్రుడిదాకా, ఎవరివల్ల ఏది తెలిసిందో రిజిస్టరు మొదటి పేజీలో రాసుకున్నారు. అతని పేరు అక్కడ వుండటం న్యాయమే.

ఇందువల్ల నా వేసవి లోటు తీరలేదు. పాఠాలు చెప్పేవాడు సెలవుల్లో తిండికోసం కొట్టు పెట్టుకోవలసిన పరిస్థితి, ఆ కొట్టు ఎవరు పెట్టినా పోదు. దాన్ని గురించి మేం గంటలెక్క మేష్టర్లం ఒకచోట కూచుని మాట్లాడుకోవటం మొదలుపెట్టాం. ఆ లెక్కలుకూడా ఒక నోటుబుక్కులోకే ఎక్కుతున్నాయి. ఈసారి నోటుబుక్కు అందరి చేతుల్లోనూ తిరుగుతున్నది.