వెక్స్ అయ్యారా? ఏ రకం?

పలాస, కాశీబుగ్గల్లో నలుగురు ఆడవాళ్ళం కలిస్తే ఈ మాట వినపడకుండా ఉండదు. గ్యాసు బండ రాలేదా, "వెక్సయిపోయాననుకో!" పిల్లాడికి ఎక్కాలు రావడం లేదా, వెక్స్. టెక్కలి బస్సు ఎంతకీ రాలేదా, మళ్ళీ వెక్స్. చదువుకున్నవాళ్ళకీ చదువుకోనివాళ్ళకీ ఇదే ఊతపదం!

అసలు దీని అర్థమేమిటో చూద్దామా! ఇంగ్లీషులో ఇది ‘వెక్స్‌డ్’. చిరాకుపడ్డ మనిషినీ అంటారు, ఏమీ పాలుపోక తికమకపడ్డ మనిషినీ అంటారు. లాటిన్‌లో ‘వెక్సారే’ అంటే పట్టుకుని కుదిపెయ్యడం, వేధించడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం కొబ్బరిచెట్లను ఊపేసింది చూశారూ, మనసుని అలా ఊపేస్తే వెక్స్‌డ్ అన్నమాట.

పిల్లలకి చెప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బడి ఇంగ్లీషులో ‘ఐ యామ్ వెక్స్’ అని రాయకూడదు, ‘ఐ యామ్ వెక్స్‌డ్’ అని రాయాలి. ఎంత చర్చించినా తెగని సమస్యని ‘వెక్స్‌డ్ క్వశ్చన్’ అంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందన్నది అలాంటిదే. నీళ్ళా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా? ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగినా ఇదే కారణమని తేలలేదు.

జమైకా, ట్రినిడాడ్ దీవుల్లో ‘వెక్స్’ అంటే కోపం. మనకి మాత్రం "ఇంక నా వల్ల కాదు" అనే నీరసం. విసుగు, చిరాకు, తికమక, దిగులు, భయం, అన్నీ ఆ ఒక్క మాటలోనే కుక్కేస్తున్నాం. ఇబ్బంది అక్కడే!

మా ఊరి జీడిపప్పు కార్ఖానాల్లో ఆడవాళ్ళు గుళ్ళు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు చేస్తారు. అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోస్తే ఏది ఎందుకు పనికొస్తుందో తెలియదు కదా. మనసు సంగతీ అంతే.

ఉద్దానంలో మాకు వరసకి పిన్ని ఒకావిడ ఉంది. బాబాయికి వారానికి మూడుసార్లు డయాలసిస్. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. దూరాభారం తగ్గినా ఆవిడ మాత్రం ఎప్పుడు పలకరించినా "వెక్సయిపోనానమ్మా" అనేది. తిరుగుళ్ళతో అలసిపోయిందనే అందరం అనుకున్నాం. ఓ రోజు నెమ్మదిగా అడిగాను, "విసుగా పిన్నీ, ఇంకేదైనానా?" అని.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఇసుగు కాదమ్మా. నాకూ ఆ జబ్బు వొస్తాదేమోనని బయ్యం."

చూశారా! విసుగైతే కాస్త విశ్రాంతి ఇస్తే పోతుంది. భయానికి విశ్రాంతి మందు కాదు. ఆ వారమే తోడు వెళ్ళి ఆవిడకి రక్తపరీక్ష చేయించాం. క్రియాటినిన్ మామూలుగానే ఉందన్నారు డాక్టరుగారు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయిందట.

అందుకే, మీ అత్తగారో, ఆడపడుచో, పదో క్లాసు చదివే అమ్మాయో "వెక్స్" అంటే నవ్వి ఊరుకోకండి. "ఏ రకం?" అని ఒక్కమాట అడగండి. మీరే అన్నారనుకోండి, పొయ్యి కట్టేసి ఒక్క నిమిషం మిమ్మల్ని మీరు అడుక్కోండి. అసలు పేరు తెలిస్తే సగం బరువు దిగినట్టే!